చేతులు మారిన ఖరీదైన హ్యాండ్‌బ్యాగు: అసలు, నకలు పోల్చుకోవడం

హొసూరు, కృష్ణగిరి పట్టణాల మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న గురుబరపల్లిలో గాని, ఆ దారిలోని మరే ఊరిలో గాని పాత నగ కొనదలచిన వ్యక్తికి దాని నాణ్యం తేల్చుకొనే మార్గాలు ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి. కంసాలి గీటురాయి ఎప్పటినుంచో ఉండనే ఉంది. హొసూరులో కర్మాగారం ఉన్న తనిష్క్ సంస్థ, నగను కరిగించకుండానే ఎక్స్‌ కిరణాల సాయంతో అందులోని బంగారం పాలు చెప్పే క్యారట్‌మీటరు యంత్రాన్ని దుకాణాల్లో పెట్టి జనానికి అలవాటు చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణదారు అమ్మే హాల్‌మార్కు నగ మీద హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తు తప్పనిసరి కావడంతో, దానిని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోగలుగుతున్నారు. అదే వ్యక్తి ఒక లూయీ విట్టన్ బ్యాగునో, షనెల్ బ్యాగునో రెండో చేతి మీదుగా కొనబోతే, నగ కన్నా ఎక్కువ డబ్బు పెడుతున్నా సరే, గీటురాయి లేదు, హాల్‌మార్కు లేదు, ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ అసలే లేదు. నిజానిజాలు తేల్చే భారం పూర్తిగా కొనేవారి కళ్ల మీద, చేతుల మీద, ఓపిక మీద పడుతుంది.

ఈ ప్రాంతానికి అలాంటి బ్యాగులు వచ్చే దారులు పలు రకాలు. బెంగళూరు విఠల్ మాల్యా రోడ్డులోని యూబీ సిటీలో లూయీ విట్టన్ సొంత దుకాణం ఉంది కనుక అక్కడ కొన్నవారు కొంతకాలం వాడి అమ్ముకోవడం ఒక దారి; సింగపూరు, దుబాయి, అమెరికా నుంచి వచ్చినవారు తెచ్చినవి బంధువుల ద్వారా చేతులు మారడం మరొకటి; ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, వాట్సాప్ గ్రూపులు, పాత ఖరీదైన వస్తువులే అమ్మే వెబ్‌సైట్లు వేరొకటి. ఈ మూడింటిలోకీ నకిలీలు చొరబడతాయి. బజారు భాషలో వాటికి ‘ఫస్ట్ కాపీ’, ‘మిర్రర్ కాపీ’, ‘మాస్టర్ కాపీ’ వంటి మర్యాద పేర్లు ఉన్నాయి గాని, ఆ పేర్లలో ఏదీ అసలుకు దగ్గరి చుట్టం కాదు; అన్నీ నకిలీలే, చేసిన ఖర్చులోనే తేడా.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఒక సూత్రాన్ని గట్టిగా పట్టుకోవాలి. బ్యాగులో కనిపించే ఏ ఒక్క మంచి లక్షణమూ అది అసలైనదని రుజువు చేయదు, కాని ఒక్క తప్పు లక్షణం, దానికి సరైన వివరణ దొరకనప్పుడు, అది నకిలీ అని తేల్చడానికి చాలు. నకిలీ తయారుచేసేవాడు కొనేవారి చూపు మొదట ఎక్కడ పడుతుందో ఆ చోట, అంటే ముద్ర మీద, రంగు మీద, పెట్టె మీద, ఖర్చు పెడతాడు. చూపు పడని చోట, అంటే లోపలి అస్తరు మీద, అంచుల మీద, జేబు అడుగున, పట్టీ వెనుక, మిగుల్చుకుంటాడు. కాబట్టి కొనేవారి చూపు అందుకు సరిగ్గా ఎదురు దిశలో నడవాలి. పేరున్న ముద్రను ముందు చూసి, అది బాగుందని నమ్మకం కుదిరిన తర్వాత మిగతావి చూసేవారు మిగతావన్నీ ఆ నమ్మకంతోనే చూస్తారు; ముద్రను చివరికి వదిలి, లోపలినుంచి బయటికి చూసుకుంటూ రావడం మేలు.

తోలు, గుడ్డ, కుట్టు

కృష్ణగిరి నుంచి చెన్నై వైపు తిరిగే 48వ నంబరు జాతీయ రహదారి వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట మీదుగా సాగుతుంది. దేశంలో తోలు పదును చేసే పెద్ద కేంద్రాలలో ఈ మూడూ ఉన్నాయి. చెన్నైలో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ పరిశ్రమకు శాస్త్రీయమైన అండ. ఖరీదైన బ్యాగుల పరీక్షలో ఈ ప్రాంతం వారికి అనుకోకుండా కలిసివచ్చిన సౌకర్యం ఇదే: తోలు గురించి చేతితో తెలిసినవారు పక్క జిల్లాలోనే ఉన్నారు, వారి నుంచి నేర్చుకోదగినది ఫ్యాషన్ పత్రికల్లో దొరికేదానికన్నా చాలా ఎక్కువ.

పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మారడానికి చేసే పనిని పదును చేయడం అంటారు. అందులో రెండు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి. ఒకటి చెట్ల బెరడు, కాయల నుంచి వచ్చే వగరు పదార్థంతో చేసేది. దక్షిణ భారతంలో దీనికి తరతరాలుగా తంగేడు చెక్క, కరక్కాయ వాడారు, అలా తయారై ఎగుమతి అయిన తోలుకు ఈస్ట్ ఇండియా తోలు అని పేరు వచ్చి, తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రెండోది క్రోమియం లవణాలతో చేసేది. ఇది త్వరగా అవుతుంది, తోలు మెత్తగా ఉంటుంది, పదును అయిన వెంటనే నీలిరంగులో ఉంటుంది కనుక పరిశ్రమలో దానిని ‘వెట్ బ్లూ’ అంటారు. బెరడు తోలు కోసిన అంచు మందం మొత్తం గోధుమ వర్ణంలో ఉంటుంది. క్రోమ్ తోలు అంచును, పైన రంగు పూయకపోతే, దగ్గరగా చూస్తే నడుమ బూడిద నీలం చార కనబడుతుంది.

ఈ తేడా లూయీ విట్టన్ బ్యాగుల దగ్గర నేరుగా పనికివస్తుంది. ఆ సంస్థ పేరు మోసిన గోధుమరంగు బ్యాగులలో చేతిపట్టీలకు, అంచులకు వాడేది వాషెట్టా అనే తోలు, అంటే బెరడుతో పదును చేసి పైన రంగు గాని పూత గాని వేయకుండా వదిలేసిన ఆవు తోలు. పూత లేదు కాబట్టి అది కొత్తగా ఉన్నప్పుడు పాలిపోయిన గులాబి మీగడ రంగులో ఉండి, ఎండకు, గాలికి, చేతి జిడ్డుకు మెల్లగా తేనె రంగుకు, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమకు తిరుగుతుంది. ఈ రంగు మార్పును పటీనా అంటారు. అసలైన పటీనా ఎప్పుడూ సమంగా ఉండదు. చెయ్యి పట్టుకొనే చోట ముదురుగాను, పట్టీని బ్యాగుకు బిగించిన లోహపు వలయం చాటున లేతగాను ఉంటుంది, వర్షపు చుక్క పడిన చోట చిన్న మచ్చ మిగులుతుంది. అందువల్ల పరీక్షించేవారు వలయాన్ని కొంచెం పక్కకు జరిపి దాని కింద దాగిన తోలును చూడాలి: అక్కడ కూడా బయట ఉన్నంత ముదురు రంగే ఉంటే, ఆ రంగు కాలం ఇచ్చినది కాదు, డబ్బాలోంచి వచ్చినది. పదేళ్లు వాడానని అమ్మేవారు చెబుతున్న బ్యాగు పట్టీ ఇంకా మీగడ రంగులోనే ఉన్నా అంతే అనుమానించాలి. కంపెనీ దగ్గర పట్టీలు మార్పించిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు, అలాంటప్పుడు ఆ మరమ్మతు రసీదు అడగడం న్యాయం.

ఇదే బ్యాగుల దగ్గర ఇంకొక పొరపాటు ఎదురుదిశలో జరుగుతుంది. ఇంత ధర పెట్టి కొన్నది ముట్టుకుంటే రెక్సిన్‌లా ఉందేమిటి, తోలు కాదే, కాబట్టి నకిలీ అని కొందరు తీర్మానిస్తారు. లూయీ విట్టన్ మోనోగ్రామ్ బ్యాగుల ఒళ్లు తోలు కానే కాదు. అది నూలు గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూసిన క్యాన్వాస్. రెక్సిన్ అనుమానంతో అసలైన వస్తువును వదులుకోవడం, తోలు వాసన వస్తోందన్న సంబరంతో నకిలీని కొనడం, రెండూ ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల జరిగేవే. అలాగే 1990ల నాటి కొన్ని అసలైన బ్యాగుల లోపలి జేబుల పూత తేమ ఉన్న చోట జిగటగా మారి, పొరలుగా లేచిపోతుంది. చూడడానికి అసహ్యంగా ఉన్నా అది నకిలీతనానికి గుర్తు కాదు, ఆనాటి పూతలోని లోపం. మరమ్మతు ఖర్చు లెక్క కట్టి ధర తగ్గించమని అడగడానికి మాత్రం అది మంచి కారణం.

కుట్టు విషయానికి వస్తే, పైన చెప్పిన సూత్రం మరింత బాగా వర్తిస్తుంది. మంచి కర్మాగారంలో కుట్టు పొడవు చివరిదాకా ఒకేలా ఉంటుంది, దారం ముగిసిన చోట అంటించిన గుర్తు గాని వేలాడే పోగు గాని ఉండదు, రెండు చేతిపట్టీల మొదళ్లలోని నాలుగు తోలు ముక్కల మీదా కుట్ల లెక్క సమానంగా ఉంటుంది. లెక్కపెట్టడం చాదస్తంగా అనిపించవచ్చు, కాని ఇది నిమిషంలో అయిపోయే పని, నకిలీలలో పెద్ద భాగం ఇక్కడే దొరికిపోతుంది. హెర్మెస్ సంస్థ బ్యాగుల దగ్గర కుట్టు పరీక్ష మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ సంస్థ శాడిల్ కుట్టును, అంటే గుర్రపు జీను కుట్టే పద్ధతిని, చేతితోనే వేయిస్తుంది: మైనం పట్టించిన నారదారానికి రెండు కొసలా రెండు సూదులు తగిలించి, ఒకే రంధ్రంలోంచి రెండు సూదులనూ ఎదురెదురుగా లాగుతారు. యంత్రపు కుట్టు ఒక దారం తెగితే వరుసగా ఊడిపోతుంది, శాడిల్ కుట్టు ఊడదు. పైనుంచి చూస్తే ప్రతి కుట్టూ కొద్దిగా ఏటవాలుగా పడుతుంది, ఒకటి రెండు చోట్ల చేతిపని కనబడే సన్నని తేడా ఉంటుంది. కుట్లన్నీ గీత గీసినట్టు నిటారుగా, అచ్చు ఒకేలా ఉన్న హెర్మెస్ బ్యాగును చూసి ఎంత నీటుగా ఉందో అని మురిసిపోయేవారు మురవవలసిన చోట భయపడాలి. కృష్ణగిరిలో గాని హొసూరులో గాని తోలు చెప్పులు చేతితో కుట్టే పనివారు ఈ తేడాను ఒక్క చూపులో చెప్పగలరు. ఇన్‌స్టాగ్రామ్ పేజీలోని ‘నిపుణుల’ కన్నా వారి మాట విలువైనది.

లోహపు భాగాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి బరువుగా ఉండాలి, చెక్కిన అక్షరాలు లోతుగా, అంచులు గరుకు లేకుండా ఉండాలి, పూత పోయిన చోట కింద ఇత్తడి కనబడితే మంచిదే గాని బూడిద రంగు చవక లోహం కనబడితే ఆలోచించాలి. జిప్పు మీద వైకేకే అని ఉండడాన్ని సాక్ష్యంగా చూపేవారున్నారు. వైకేకే జిప్పు బడి సంచులకు కూడా ఉంటుంది.

అగ్గిపుల్ల వెలిగించి తోలును కాల్చి చూడడం, గోటితో గీరి చూడడం, అసిటోన్ పూసి రంగు పోతుందేమో చూడడం వంటి పరీక్షలు ఈ వస్తువుల దగ్గర పూర్తిగా మానుకోవాలి. అసలైనదని తేలితే ఆ మచ్చతోనే దాని ధర పడిపోతుంది, అమ్మేవారితో తగవు మిగులుతుంది.

అక్షరాలు, అంకెలు

లూయీ విట్టన్ పారిస్‌లో 1854లో సంస్థను స్థాపించగా, ఆయన కుమారుడు జార్జ్ విట్టన్ 1896లో ఎల్, వీ అక్షరాలు, పువ్వులు కలిసిన మోనోగ్రామ్ నమూనాను రూపొందించాడు. అంతకుముందు వాడిన గళ్ల నమూనాను పోటీదారులు విచ్చలవిడిగా కాపీ కొట్టడం ఆ పనికి ముఖ్య కారణం. నకిలీని అడ్డుకోవడానికి పుట్టిన నమూనాయే ప్రపంచంలో ఎక్కువగా నకిలీకి గురైన నమూనాల్లో ఒకటి కావడం చరిత్ర చేసిన చమత్కారం.

ఆ నమూనాను బ్యాగు మీద ఎలా పరిచారో చూడడం మంచి పరీక్ష. కంపెనీ క్యాన్వాస్‌ను లెక్క ప్రకారం కోస్తుంది కనుక ఎడమ అంచున నమూనా ఎక్కడ తెగిందో కుడి అంచున కూడా అద్దంలో చూసినట్టు అక్కడే తెగుతుంది, ముఖభాగం నడుమ నుంచి రెండు వైపులా సమతూకం ఉంటుంది. స్పీడీ అనే ప్రసిద్ధ నమూనాలో ఇంకొక సంగతి ఉంది: సంప్రదాయ మోనోగ్రామ్ స్పీడీ అడుగున అతుకు లేకుండా ఒకే క్యాన్వాస్ ముక్కను ఈ వైపు నుంచి ఆ వైపుకు తిప్పి కుడతారు కాబట్టి, ఒక వైపు అక్షరాలు నిటారుగా ఉంటే వెనుక వైపు తలకిందులుగా ఉంటాయి. తలకిందుల అక్షరాలను చూసి నకిలీ అని ఎగతాళి చేయడం చాలా చోట్ల జరుగుతుంది. నిజానికి ఆ బ్యాగుకు రెండు వైపులా నిటారుగా ఉంటేనే అడగవలసిన ప్రశ్నలు మొదలవుతాయి. తోలు మీద వేడితో ఒత్తిన సంస్థ పేరులో ‘ఓ’ అక్షరం గుండ్రంగా, దాదాపు వలయంలా ఉంటుంది, ‘ఎల్’ అడుగు గీత పొట్టిగా ఉంటుంది, రెండు ‘టీ’లు దాదాపు తగిలేటంత దగ్గరగా ఉంటాయి. కోడిగుడ్డు ఆకారపు ‘ఓ’ ఉన్న ముద్రను నమ్మకూడదు.

ఇక తేదీ సంకేతం. లూయీ విట్టన్ 1980ల నుంచి బ్యాగు లోపల జేబు అంచున గాని చిన్న తోలు ముక్క మీద గాని కర్మాగారాన్ని, తయారీ కాలాన్ని చెప్పే సంకేతాన్ని వేసింది. ఇది ఒక్కో బ్యాగుకు వేరుగా ఇచ్చే క్రమసంఖ్య కాదని ముందుగా గుర్తుంచుకోవాలి. 1990 నుంచి 2006 దాకా రెండు అక్షరాల తర్వాత నాలుగు అంకెలు ఉంటే, ఒకటో అంకె, మూడో అంకె కలిపితే నెల, రెండోది, నాలుగోది కలిపితే సంవత్సరం. ఉదాహరణకు 0024 అని ఉంటే నెల 02, సంవత్సరం 04, అంటే 2004 ఫిబ్రవరి. 2007 నుంచి పద్ధతి మారింది. ఒకటో, మూడో అంకెలు నెలకు బదులు సంవత్సరంలోని వారాన్ని చెబుతాయి. 3179 అని ఉంటే వారం 37, సంవత్సరం 19, అంటే 2019లో 37వ వారం. ఇప్పుడు 6148 అనే సంకేతం ఉన్న బ్యాగు ఎదురైందనుకుంటే, వారం 64, సంవత్సరం 18 వస్తాయి. సంవత్సరానికి 64 వారాలు ఏ దేశపు పంచాంగంలోనూ లేవు కాబట్టి ఆ బ్యాగు అక్కడితో సరి. 2015లో పెళ్లికి కానుకగా వచ్చిందని చెప్పిన బ్యాగులో 3179 ఉంటే ఆ కథలోనైనా, బ్యాగులోనైనా ఒక అబద్ధం ఉన్నట్టే. సంకేతంలోని రెండు అక్షరాలు ఏ దేశపు కర్మాగారానివో, తోలు మీద ఆ దేశంలోనే తయారైనట్టు ముద్ర ఉందో లేదో కూడా కలిపి చూడాలి.

కాని సంకేతం సరిగా ఉన్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు. సరైన సంకేతాన్ని ఒక అసలు బ్యాగు నుంచి చూసి వేల నకిలీల మీద అచ్చొత్తడం కష్టం కాదు. 2021 మార్చి నుంచి సంస్థ ఈ సంకేతాన్ని మాని బ్యాగు లోపల కంటికి కనిపించని మైక్రోచిప్పు పెట్టడం మొదలుపెట్టింది. ఫోను దగ్గర పెడితే ఏదో స్పందన వస్తుంది చూడండి అని అమ్మేవారు చూపించవచ్చు గాని, ఏ చిప్పుకైనా ఫోను స్పందిస్తుంది. అందులోని సమాచారాన్ని అర్థవంతంగా చదవగలిగేది సంస్థ మాత్రమే. పోనీ బెంగళూరు దుకాణానికి వెళ్లి అడుగుదామన్నా, ఇలాంటి సంస్థల దుకాణాలు బయట కొన్న పాత బ్యాగులకు ధ్రువీకరణ ఇచ్చే పని సాధారణంగా పెట్టుకోవు.

షనెల్ దారి వేరు. ఆ సంస్థ 1980ల నడుమ నుంచి బ్యాగు లోపల క్రమసంఖ్య ఉన్న స్టిక్కరును, దానికి సరిపోయే కార్డును ఇచ్చి, 2021లో వాటి స్థానంలో చిప్పు ఉన్న చిన్న లోహపు బిళ్లను తెచ్చింది. కార్డులో సంఖ్య, స్టిక్కరులో సంఖ్య కలిస్తే చాలని అనుకొనేవారు 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ముగిసిన ఒక జ్యూరీ విచారణను గమనించాలి. పాత ఖరీదైన వస్తువులు అమ్మే ఒక ప్రసిద్ధ సంస్థ షనెల్‌కు 40 లక్షల డాలర్లు చెల్లించాలని అక్కడ తీర్పు వచ్చింది. ఆ వ్యాజ్యంలో చర్చకు వచ్చిన బ్యాగులలో, కర్మాగారం నుంచి దొంగిలించిన క్రమసంఖ్యలు వేసినవి కూడా ఉన్నాయి. అంటే సంఖ్య నిజమైనదే, బ్యాగు కాదు. నిపుణులను జీతమిచ్చి పెట్టుకున్న దుకాణం దగ్గరే ఇలా జరిగినప్పుడు వాట్సాప్‌లో పంపిన కార్డు ఫోటోకు ఎంత విలువ ఇవ్వాలో కొనేవారే ఊహించుకోవచ్చు. హెర్మెస్ అయితే అలాంటి ధ్రువీకరణ కార్డే ఇవ్వదు, కనుక హెర్మెస్ బ్యాగుతో నాజూకైన కార్డు కూడా చేతిలో పెట్టారంటే ఆ కార్డే దానికి వ్యతిరేక సాక్ష్యం.

కాగితాలు, మనుషులు

పెట్టె, డస్ట్ బ్యాగు, రిబ్బను, సంచి మీద బంగారు అక్షరాలు, ఇవన్నీ విడిగా అమ్ముడుపోయే వస్తువులే కనుక వాటిని లెక్కలోకి తీసుకోకపోవడం ఉత్తమం. బిల్లు వేరు. జీఎస్టీ అమలులోకి వచ్చిన తర్వాత భారతదేశంలో కొన్నదని చెప్పే బ్యాగుకు జీఎస్టీ బిల్లు ఉండాలి, అందులో 15 అక్షరాంకెల జీఎస్టీ సంఖ్య ఉంటుంది, దాని మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, మహారాష్ట్రకు 27. బెంగళూరు దుకాణం బిల్లు అని చూపిన కాగితం మీద సంఖ్య 27తో మొదలైతే అడగవలసినది అడగాలి. ఆ సంఖ్యను జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అది ఏ సంస్థ పేరు మీద ఉందో ఉచితంగా తెలుస్తుంది. బ్యాగుల బిల్లు మీద హార్డ్‌వేర్ దుకాణం సంఖ్య బయటపడినా ఆశ్చర్యపోనక్కరలేదు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షల రూపాయలు దాటిన హ్యాండ్‌బ్యాగు అమ్మకం మీద అమ్మేవారు ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మకం దగ్గరే వసూలు చేసే ఆదాయపు పన్ను, తీసుకోవాలి. ఆ తేదీ తర్వాత కొన్నదిగా చెప్పే అంత ధర బ్యాగు బిల్లులో ఆ ప్రస్తావన లేకపోతే కారణం తెలుసుకోవాలి.

ఫోనులో చూసి కొనేటప్పుడు అమ్మేవారు పంపిన అందమైన ఫోటోలు కాక కొనేవారు కోరిన ఫోటోలు కావాలి: వలయం కింది తోలు, జేబు అడుగు, అంచు మూల, సంకేతం, ఆ రోజు తేదీ రాసిన కాగితంతో కలిపి తీసిన బ్యాగు. ఆ కోరికకు చిరాకు పడేవారి దగ్గర, లేదా రేపటికి ఇంకొకరు తీసుకుంటున్నారని తొందర పెట్టేవారి దగ్గర, అడ్వాన్సు పంపడం వివేకం కాదు.

ఇంతా చేసిన తర్వాత కూడా మిగిలే అనుమానం ఉంటుంది, ఎందుకంటే ఇటీవలి ఖరీదైన నకిలీలు అసలు తోలుతో, నేర్పరులైన పనివారి చేతులతో తయారవుతున్నాయి. ఎంట్రుపీ వంటి సంస్థలు బ్యాగు మీది పలు భాగాలను సూక్ష్మదర్శినితో ఫోటోలు తీసి, కంప్యూటరు ద్వారా అసలైన వాటితో పోల్చి ధ్రువపత్రం ఇచ్చే సేవను అందిస్తున్నాయి. లక్షల్లో బేరం అయినప్పుడు ఆ సేవకయ్యే ఖర్చు ఎవరు భరించాలో, నకిలీ అని తేలితే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో బేరానికి ముందే రాతపూర్వకంగా అనుకోవడం మంచిది. అసలైనదని గట్టిగా నమ్మే అమ్మకందారుకు ఆ షరతు వల్ల పోయేదేమీ లేదు.

చట్టం ఈ వ్యవహారాన్ని ఎలా చూస్తుందో కూడా తెలిసి ఉండాలి. అసలైన బ్యాగును కొన్నవారు దానిని తిరిగి అమ్ముకోవడం పూర్తిగా న్యాయసమ్మతం; 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలోని 30వ సెక్షన్ ఆ అవకాశాన్ని గుర్తిస్తుంది. నకిలీ ముద్ర ఉన్న వస్తువును అమ్మడం అదే చట్టంలోని 104వ సెక్షన్ కింద నేరం, దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. క్రిస్టియన్ లూబుటాన్ సంస్థ ఒక వెబ్‌సైటు మీద వేసిన వ్యాజ్యంలో 2018 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, ఆ వెబ్‌సైటు తన వద్ద అమ్మేవారి పూర్తి వివరాలు వెల్లడించాలని, సరుకు అసలైనదని వారి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలని ఆదేశించింది. వెబ్‌సైటు ద్వారా కొనేవారు అమ్మేది ఎవరని అడగడానికి ఈ తీర్పు మంచి ఆధారం.

మోసపోయినప్పుడు మార్గం అమ్మినది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. వ్యాపారంగా అమ్మేవారైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది, 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అమ్మిన సంస్థ ఢిల్లీలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు గనుక గురుబరపల్లి నివాసి కృష్ణగిరి కమిషన్‌కు వెళితే సరిపోతుంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, మోసం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. వ్యాపారి కాని పరిచయస్తులు అమ్మినప్పుడు ఆ చట్టం పనికిరాదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం, వర్ణించి చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్న షరతు మీద సివిల్ దావా గాని, తెలిసి చేసిన మోసమైతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు గాని దారి. రెండు సందర్భాల్లోనూ కేసు నిలిచేది అమ్మేవారు ఏ మాట అన్నారన్నదాని మీదే కాబట్టి, ‘ఒరిజినల్’ అని వారు పంపిన సందేశాన్ని, బ్యాంకు ద్వారా డబ్బు చెల్లించిన రుజువును చెరపకుండా దాచుకోవాలి. ఫస్ట్ కాపీ అని ముందే చెప్పి అమ్మినవారి మీద కొన్నవారికి డబ్బు వాపసు అడిగే హక్కు దాదాపు ఉండదు, అయినా అమ్మినవారు మాత్రం 104వ సెక్షన్ నుంచి తప్పించుకోలేరు.